దుబాయి బతుకు ఖరీదు: ఆలూర్, ఆర్మూర్ పల్లెల అప్పు చరిత్ర

గల్ఫ్ వలసల గురించి మన దగ్గర వచ్చిన రాతలు ఎక్కువగా రెండు దారుల్లో నడిచాయి. ఒకటి ఏడుపు దారి. ఎడారిలో ఒంటెలు కాసేవాడు, జైల్లో మగ్గేవాడు, పెట్టెలో వచ్చే శవం. రెండోది పైసల దారి. ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని స్లాబులు పడ్డాయి, బ్యాంకుల్లో డిపాజిట్లు ఎంత పెరిగాయి అనే లెక్క. ఈ రెండిట్లోనూ నిజముంది. అయితే రెండిట్లోనూ వలసపోయిన మనిషికి కులం లేదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మాదిగ, మాల, కాపు, రెడ్డి, సాలె అని పిలవబడిన మనుషులు శంషాబాద్ విమానాశ్రయం దాటగానే ఒక్కసారిగా 'గల్ఫ్ కార్మికులు' అయిపోతారు. పత్రికల వాళ్ళకూ, సర్కారుకూ, చాలాసార్లు మన సంఘాలకూ అదే సౌకర్యం.

ఈ వ్యాసంలో మేం అడుగుతున్న ప్రశ్న చిన్నది. సముద్రం పక్కనున్న ఆ వేడి దేశాల్లో బతకడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు ఎవరు కడుతున్నారు? ఎక్కడ కడుతున్నారు? ఏ మిత్తికి కడుతున్నారు? ఆర్మూర్ పక్కనున్న ఆలూర్ లాంటి పసుపు పల్లెలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్న వేస్తే, దుబాయిలో బతికే ఖర్చులో పెద్ద భాగం దుబాయిలో కాకుండా ఇక్కడి వాడలోనే కడుతున్నారని తేలుతుంది. ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకుని, ఒకే గిన్నెలో వండుకు తినే ఇద్దరికి ఆ బతుకు ఒకే ఖరీదులో దొరకదని కూడా తేలుతుంది. ఆ తేడా పేరు కులం. ఇది వట్టి ఆరోపణగా మిగలకుండా లెక్క కట్టి చూపాలని మా ప్రయత్నం.

రంగం అప్పు

అప్పు చేసి సముద్రం దాటడం గల్ఫ్‌తో మొదలు కాలేదు. తెలంగాణ పల్లెలు ఆ దారి పట్టక ముందు సర్కారు జిల్లాల పేదలు వందేళ్ళకు పైగా ఆ దారిలో నడిచారు. ఆ చరిత్ర తెలియకపోతే ఈనాటి ఏజెంటు మనకు కొత్త మనిషిలా కనబడతాడు.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్ళను బర్మాలో 'కోరంగీలు' అన్నారు. ఊరి పేరు కాస్తా జాతి పేరయ్యింది. మారిషస్‌కు, 1860 నుంచి నాటాల్‌కు, 1903 తర్వాత ఫిజీకి మద్రాసు రాష్ట్రపు కూలీలు ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి పోయారు. ఫిజీలో ఆ ఒప్పందాలు రద్దయింది 1920లో. బర్మాకు మాత్రం ఒప్పంద పత్రం అవసరం పడలేదు. అక్కడ మేస్త్రీ పద్ధతి నడిచింది. మేస్త్రీ గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలకు వచ్చి ఓడ కిరాయి, ఇంట్లో తిండికి కొంత పైకం అడ్వాన్సుగా ఇస్తాడు. రంగం (రంగూన్‌ను మనవాళ్ళు అట్లాగే పిలిచారు) చేరాక కూలిలో కోత పెట్టి ఆ పైకం వసూలు చేసుకుంటాడు. పని ఇప్పించేదీ, కూలి చేతికిచ్చేదీ అతనే. అప్పు తీరేదాకా మేస్త్రీని విడిచిపోయే వీలు లేదు.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా జనం ఇండియా నుంచి పోయినవాళ్ళే. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, పాకీపని చేసింది ఎక్కువగా తెలుగువాళ్ళు. ఆ ఏడే వెలువడిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ నివేదిక రంగూన్ కూలీల వసతిగదుల్లో కిక్కిరిసిన జనం గురించి రాసింది. అంటే సోనాపూర్ క్యాంపు గది గురించి ఇవ్వాళ మనం వింటున్న మాట 90 ఏళ్ళ కిందనే సర్కారు కాగితాల్లో ఉంది.

ఆ గది బతుక్కు ఇంకో ఖరీదు కూడా ఉంది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తెగి పాతవాళ్ళను తిరిగి తీసుకున్నప్పుడు గొడవ లేచింది. రెండు పక్కలా పేదలే ఉన్న ఆ గొడవలో వంద మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది తెలుగు కూలీలు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవుల గుండా, కొండల గుండా నడిచి ఇండియాకు వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. ఏళ్ళ తరబడి కూడబెట్టింది రంగంలోనే ఉండిపోయింది.

తిరుగుబాట పట్టినవాళ్ళ లెక్కలో శెట్టియార్ల భూములు, కంపెనీల గోదాములు పుస్తకాలకెక్కాయి. మాల, మాదిగ, రెల్లి కూలీ మేస్త్రీకి కట్టిన అప్పు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వలస చరిత్రలో ఆస్తి పోయినవాడికి పేరు ఉంటుంది, కూలి పోయినవాడు అంకెలో కలిసిపోతాడు. గల్ఫ్ విషయంలోనూ అదే జరగకూడదనే ఈ పాత కథ ఇక్కడ చెప్పుకున్నాం.

బొంబాయి దాకా ఒక దారి

నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు సముద్రం లేదు. వాళ్ళకు సముద్రం బొంబాయిలో కనబడింది. బొంబాయి కట్టడాల్లో రాళ్ళు, మట్టి మోసిన తెలుగు కూలీలను 'కామాఠీ'లన్నారు. కామాఠీపుర పేరు వాళ్ళ నుంచే వచ్చింది. వెట్టి తప్పించుకోవడానికి రాత్రికి రాత్రి ఊరు విడిచినవాడికి బొంబాయి ఒక దిక్కు. అక్కడ కూలి డబ్బు రూపంలో దొరుకుతుంది. దొర గడీకి పొద్దున్నే హాజరు వేయించుకోనక్కర లేదు. నిజామాబాద్ జిల్లా పల్లెలకు బొంబాయి, తర్వాత భివండీ బాగా తెలిసిన ఊర్లు. గల్ఫ్ మొదటి ఏజెంట్లు ఎక్కువగా బొంబాయిలో ఉండేవాళ్ళు కాబట్టి, దుబాయి దారి కూడా ఆ పాత దారికే అతుకు పడింది.

ఆర్మూర్ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. కాలువ నీళ్ళు, బావులు, ఆ తర్వాత బోర్లు. వీటితో ఈ నేల పసుపు, ఎర్రజొన్న, మక్క పండించే నేలగా పేరు తెచ్చుకుంది. అంకాపూర్ పేరు రాష్ట్రమంతా తెలుసు. పసుపు తొమ్మిది నెలల పంట. విత్తనం కొమ్ము నుంచి ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టేదాకా పెట్టుబడి పెట్టగలిగినవాడే పసుపు వేస్తాడు. తవ్వి, ఏరి, కొమ్ము విరిచే చేతులు మాత్రం వాడలోంచి వస్తాయి. నీళ్ళొచ్చిన చోట వలస ఆగాలి కదా అని అడుగుతారు. నీళ్ళు భూమి ఉన్నవాడికి వచ్చాయి. భూమి లేనివాడికి ఆ నీళ్ళ వల్ల పెరిగింది సంవత్సరంలో కొన్ని నెలల కూలి. ఆ కూలి రేటు ఎంతుండాలో నిర్ణయించే అధికారం కూడా అతనికి లేదు. అందుకే పసుపు పండే పల్లెల వాడల నుంచి మనుషులు దుబాయికి పోయారు. మన పసుపును ఎక్కువగా కొనే దేశాల్లో ఎమిరేట్స్ కూడా ఒకటి. పసుపు, పసుపు తవ్విన మనిషి ఒకే రేవుకు చేరుతున్నారు.

ఒకప్పుడు అక్కడ మన రూపాయే

చాలామందికి తెలియని సంగతి ఒకటి. 1960ల దాకా దుబాయి బజారులో నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోటు అచ్చు వేసింది. కువైట్ 1961లో సొంత దీనార్ తెచ్చుకుంది. 1966 జూన్‌లో ఇండియా రూపాయి విలువ తగ్గించాక, అప్పటికీ దాన్ని వాడుతున్న రాజ్యాలు ఒక్కొక్కటిగా రూపాయిని వదిలేశాయి. 1973లో ఎమిరేట్స్ దిర్హం వచ్చింది. ఆ ఏడాది చివరే చమురు ధర నాలుగు రెట్లయ్యే దారి పట్టింది. మనిషి కొరత ఉన్న ఎడారి రాజ్యాలకు ఒక్కసారిగా రోడ్లు, రేవులు, మేడలు కట్టే పైసలు వచ్చాయి.

ఇటు పక్క తెలంగాణలో ఏం జరుగుతోంది? 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి చేయమని, దొర ముందు నిలబడే మాట్లాడతామని కూలీలు తెగించి చెప్పారు. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు క్యాంపులు, కేసులు, కరువు, బీడు పడ్డ దొరల భూములు. యువకుడిగా ఊళ్ళో ఉండడమే ప్రమాదమైన రోజుల్లో మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూర్, బాల్కొండ పల్లెల నుంచి వలస పెద్దదయ్యింది. దాన్ని వట్టి పైసల ఆశ అనడం అన్యాయం. ఊరి నుంచి బయటపడడం కూడా దాని వెనక ఉంది. దళితుల విషయంలో ఆ కారణం ఇంకా గట్టిది.

మంచం, గిన్నె, ఫోను

ఇక అక్కడి ఖర్చుకు వద్దాం. క్యాంపులో ఉన్నవాడికి మంచం చాలావరకు కంపెనీదే. ఒక్క గదిలో ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. తిండి కొన్ని కంపెనీలు పెడతాయి, కొన్ని అలవెన్సు ఇస్తాయి, కొన్ని ఏదీ ఇవ్వవు. నలుగురైదుగురు కలిసి బియ్యం, పప్పు, కోడిగుడ్లు, నూనె కొని వంతులవారీగా వండుకుంటారు. కంపెనీ లేనివాడు, 'ఆజాద్ వీసా' అని చెప్పి పంపబడ్డవాడు మంచం కిరాయి కూడా తనే కట్టుకోవాలి. పని చెప్పిన యజమాని దగ్గర కాక బయట చేసుకుంటున్నవాడిని 'ఖల్లివల్లి' అంటారు. ఖల్లివల్లి అయినవాడు ఎక్కువ సంపాదిస్తాడనే మాట ఉంది. రోగమొస్తే దవాఖాన, పట్టుబడితే జుర్మానా, ఇంటికి రావాలంటే క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురుచూపు కూడా అతని ఖర్చే. ఎమిరేట్స్‌లో 1996, 2003, 2007, 2012, 2018, 2024లలో ఇట్లాంటి క్షమాభిక్షలు ప్రకటించారు. 2013లో సౌదీ 'నితాఖత్' దెబ్బకు వేలమంది ఉన్నఫళంగా తిరిగొచ్చారు.

మనిషి బతకడానికి కనీసం ఎంత కావాలో ఒక సర్కారు స్వయంగా చెప్పింది. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస జీతం నెలకు 1,000 రియాళ్ళు. యజమాని తిండి పెట్టకపోతే దానికి 300, వసతి ఇవ్వకపోతే దానికి 500 అదనంగా ఇవ్వాలని చట్టం. అంటే తిండికీ మంచానికీ కలిపి జీతంలో 80 పైసల వంతు. ఈ రెండూ యజమాని ఇస్తే సరి. ఇవ్వకుండా ఎగ్గొడితే ఆ వెయ్యిలో మిగిలేది 200.

ఎమిరేట్స్ జీతాల గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2006లో ఒక నివేదిక వేసింది. భవన నిర్మాణ కూలీకి సగటున నెలకు 175 డాలర్లు వస్తున్నాయని రాసింది. దిర్హాల్లో 640 దాకా. 2020 సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ కూలీల కనీస సిఫార్సు జీతాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసి, ఎమిరేట్స్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్‌లకు 200 డాలర్లుగా పెట్టింది. తక్కువకు వస్తేనే మనవాళ్ళకు పని దొరుకుతుందని వాదన. గల్ఫ్ కార్మికుల సంఘాలు అరిచి, తెలంగాణ హైకోర్టుకు పోయాక 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. 2006లో 175, 2020లో 200. మధ్యలో 14 ఏళ్ళు. 2018 జనవరి నుంచి దుబాయిలో కొనే ప్రతి పప్పు పొట్లం మీదా 5 శాతం వ్యాట్ కూడా ఉంది.

మిత్తి లెక్క

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు కూలీ దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. ఎమిరేట్స్ చట్టం ప్రకారమైతే మనిషిని తెచ్చుకునే ఖర్చు మొత్తం యజమానిదే. పల్లెలో సబ్ ఏజెంటు అడిగే ధరకు ఈ రెండు చట్టాలతోనూ సంబంధం లేదు. వీసా ఒక సరుకు. దానికి బజారు ధర ఉంది. ఆ ధర చేతిలో పెట్టనిదే పాస్‌పోర్టు కదలదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, లెక్క కోసం మేం కట్టిన అంకెలు. పల్లెలో ఎవరైనా తమ అంకెలు పెట్టి చూసుకోవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే కంపెనీకి, ఒకే పనికి, రెండేళ్ళ వీసా మీద పోయారు. ఇద్దరికీ మొత్తం ఖర్చు లక్ష రూపాయలు. ఇద్దరి జీతం 800 దిర్హాలు. తిండి, ఫోను, సబ్బు, మందుబిళ్ళ కలిపి ఇద్దరికీ 300 ఖర్చు. మిగిలేది 500. దిర్హంకు 23 రూపాయల చొప్పున 11,500. ఇంటి ఖర్చుకు 5,500 పోను అప్పుకు మిగిలేది నెలకు 6,000.

మొదటివాడికి రెండెకరాల పట్టా భూమి ఉంది. పాసుబుక్కు మీదనో, బంగారం మీదనో నూటికి రూపాయి మిత్తికి లక్ష పుట్టింది. నెలకు మిత్తి వెయ్యి. మిగతా 5 వేలు పక్కన పెడితే 20 నెలల్లో అసలు తీరింది. మిగిలిన 4 నెలల్లో 24 వేలు చేతిలో ఉన్నాయి.

రెండోవాడు దళితవాడ మనిషి. పట్టా భూమి లేదు. తాతకు వచ్చిన అసైన్డ్ భూమి ఉన్నా 1977 చట్టం ప్రకారం అమ్మే వీలు లేదు. ఆ చట్టం అతని మేలు కోసమే వచ్చింది, కాదనం. అయితే వీసా ధర కట్టాల్సిన పూట ఆ భూమి వల్ల పైసా పుట్టదు. ప్రామిసరీ నోటు రాసిచ్చి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు మిత్తి 3 వేలు. మిగిలేది 3 వేలు. అసలు మొత్తం ఒకేసారి కట్టమంటాడు అప్పిచ్చినవాడు. రెండేళ్ళు నిండేనాటికి అతను మిత్తి కింద కట్టింది 72 వేలు. కూడబెట్టింది 72 వేలు. ఇంకా 28 వేలు బాకీ.

ఒకే ఎండ, ఒకే గది, ఒకే గిన్నె. రెండేళ్ళ తర్వాత ఒకడి చేతిలో 24 వేలు, ఇంకొకడి నెత్తిన 28 వేలు. తేడా 52 వేలు. ఈ 52 వేలు దుబాయి షేకు తీసుకోలేదు. ఇక్కడే, ఊళ్ళోనే, భూమి ఎవరికి ఉంది, బ్యాంకు ఎవరిని నమ్ముతుంది, నోటు మీద ఎవరి సంతకం చాలుతుంది అనే పాత ఏర్పాటు తీసుకుంది. పైగా మా ఉదాహరణలో జీతం ఒక్క నెల కూడా ఆగలేదు, రోగం రాలేదు, ఏజెంటు మోసం చేయలేదు. అన్నీ సక్రమంగా నడిచినప్పటి లెక్క ఇది.

రెండోవాడు అందుకే రెండేళ్ళకు తిరిగిరాడు. ఇంకో రెండేళ్ళకు వీసా పొడిగించుకుంటాడు. దాన్ని బయటివాళ్ళు 'దుబాయి మోజు' అంటారు.

చదువు లేనివాడి పాస్‌పోర్టు

1983 వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివాడు ఈ దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. అతని పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. చదువు రానివాడిని కాపాడడానికే ఈ ఏర్పాటు. అయితే పదో తరగతి దాటనివాళ్ళు ఎవరు? బడిలో వెనక బెంచీ, పసుపు తవ్వే నెలల్లో బడి ఎగ్గొట్టక తప్పని ఇల్లు, ఏడో తరగతిలోనే అప్పుకు జీతం ఉన్న పిల్లవాడు. కాపాడే చట్టం చాలామందికి దాటాల్సిన మరో గేటుగా మారింది. ఆ గేటు తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. దానికి ఇంకో ధర. విజిట్ వీసా మీద పోయినవాడికి అనుమతి కాగితం ఉండదు. దానితోపాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. 10 లక్షల ఆ బీమాకు రెండేళ్ళ ప్రీమియం 275 రూపాయలు. లక్ష ఖర్చు చేసి పోయినవాడికి 275 రూపాయల రక్షణ లేకుండా పోవడం ఈ వ్యవస్థ పనితీరు.

అంబేడ్కర్ చెప్పిన రూపాయి

దిర్హం విలువ పెరిగిందని పల్లెలో సంబరం చూస్తుంటాం. 1991లో రూపాయి విలువ తగ్గించక ముందు దిర్హం 6 రూపాయల లోపు. తర్వాత 7, 1990ల నడుమ 10 దగ్గర, 2013లో 16 దాటి, 2024 నాటికి 23 దగ్గరకు వచ్చింది. రూపాయల్లో చూస్తే కూలీ ధనవంతుడైనట్టే ఉంటుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1923లో లండన్‌లో అచ్చు వేసిన 'ది ప్రాబ్లెం ఆఫ్ ది రూపీ' పుస్తకాన్ని మన ఉద్యమం కులం గురించిన ఆయన పుస్తకాలంతగా చదవలేదు. రూపాయి మారకం విలువ పడితే ఎగుమతి వ్యాపారికి లాభమంటారు కదా, ఆ లాభం ఎక్కడి నుంచి వస్తుంది అని ఆయన అడిగారు. రూపాయి పడితే సరుకుల ధరలు పెరుగుతాయి, కూలి రేట్లు అంత వేగంగా పెరగవు, కాబట్టి ఆ లాభం దేశానికి బయటి నుంచి వచ్చింది కాదు, లోపలి కూలీ జేబులోంచి వ్యాపారి జేబులోకి మారింది అని ఆయన వాదన. తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా ఆయన సాక్ష్యం చెప్పారు.

ఈ మాటను దుబాయి కూలీకి అన్వయిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అతని జీతం దిర్హాల్లో దాదాపు కదలలేదు. రూపాయల్లో పెరిగినట్టు కనబడ్డ భాగాన్ని ఇంట్లో బియ్యం, నూనె, దవాఖాన, బడి ఫీజు తినేస్తున్నాయి. వీసా ధర రూపాయల్లో చెప్తారు కాబట్టి దిర్హం పెరిగినకొద్దీ అదీ పెరిగింది. దిర్హం పెరుగుదల నుంచి మొదట లాభపడ్డవాడు ఏజెంటు, తర్వాత మిత్తికిచ్చేవాడు. రూపాయి పడినప్పుడు ఎవరి జేబు నిండింది, ఎవరి జేబు ఖాళీ అయ్యింది అని ఆయన వేసిన ప్రశ్నే ఆలూర్ వాడలో ఇవ్వాళ వేయాల్సిన ప్రశ్న.

బీడీల చాట

దుబాయి బతుకు ఖర్చులో ఇంకో భాగం ఆడవాళ్ళు కడుతున్నారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాలు బీడీలకు పేరు. తునికాకు, తంబాకు కార్ఖానా నుంచి తెచ్చుకుని ఇంటి గడపలో చాట ఒడిలో పెట్టుకుని చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. మగవాడు పోయిన మొదటి నెలల్లో జీతం చేతికి రాదు. ఆ నెలల మిత్తి, పిల్లల తిండి ఎక్కడి నుంచి వచ్చాయి? బీడీల చాటలోంచి. దుబాయి నుంచి పైసలు ఆగిపోయిన ప్రతిసారీ ఆ చాటే ఇంటిని నిలబెట్టింది. 2019 నుంచి బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పెన్షన్ ఉంది. చాలా ఇళ్ళల్లో అది కూడా మిత్తిలోకే పోతుంది.

అప్పిచ్చినవాడు దుబాయికి పోయి అడగడు, ఇంటి ముందుకు వచ్చి అడుగుతాడు. జవాబు చెప్పేది భార్య. పుస్తెలతాడు కుదువ పెట్టేదీ ఆమే. మొగుడు లేని ఇల్లని ఊరు మాట్లాడే మాటలు పడేదీ ఆమే. వాడలోని ఆడమనిషి అయితే ఆ మాటల్లో కులం కూడా కలుస్తుంది. పంపిన పైసల లెక్కలో ఈమె తుడిచిన బాకీ ఎక్కడా కనబడదు.

చావు ఖర్చు

అక్కడ చచ్చిపోతే కూడా ఖర్చే. 2019 జనవరి దాకా ఎయిర్ ఇండియా గల్ఫ్ నుంచి వచ్చే శవాన్ని తూకం వేసి కిలోల లెక్కన కిరాయి తీసుకునేది. ఏళ్ళ తరబడి నిరసనల తర్వాత ఎమిరేట్స్ నుంచి పెద్దవాళ్ళ శవానికి 1,500 దిర్హాలని ఒకే రేటు పెట్టారు. మనిషి బతికున్నప్పుడు 20, 30 కిలోల సామాను ఉచితం. చచ్చాక తనే సామాను.

శవం వస్తుంది, అప్పు మాత్రం పోదు. నోటు మీద భార్య సంతకమో, తండ్రి వేలిముద్రో కూడా ఉంటుంది. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. ఆ తేదీకి ముందు చనిపోయినవాళ్ళ ఇళ్ళ సంగతి మాత్రం మిగిలే ఉంది.

తిరిగొచ్చిన పైసలు, ఊరి గోడలు

దళితులకు గల్ఫ్ వల్ల ఏమీ ఒరగలేదని మేం అనడం లేదు. అట్లా అనడం పోయినవాళ్ళ కష్టాన్ని అవమానించడమే అవుతుంది. వాడల్లో స్లాబు ఇళ్ళు లేచాయి. పిల్లలు ఇంజనీరింగ్ దాకా చదివారు. జీతం ఉండడం దాదాపు పోయింది. అన్నిటికీ మించి, తిరిగొచ్చిన మనిషి పటేల్ ముందు చెప్పులు విడవడం మానేశాడు. అక్కడ కఫీల్ ముందు తల వంచినా, మాదిగోడని ఎవరూ పిలవలేదని చాలామంది చెప్తారు. ఆ మాటను సామాజిక శాస్త్రజ్ఞులు గంభీరంగా తీసుకోవాలి. కూలీగా దోపిడీకి గురవుతూనే అంటరానివాడు కాకుండా రెండేళ్ళు గడపడం ఒక అనుభవం. దాని విలువ దిర్హాల్లో రాదు.

ఆ అనుభవం ఊళ్ళోకి వచ్చాక ఏం ఎదుర్కొంటుంది? ఆర్మూర్, బాల్కొండ ప్రాంతపు ఊళ్ళల్లో పంచాయతీకి సమాంతరంగా గ్రామాభివృద్ధి కమిటీలు నడుస్తున్నాయి. కల్లు దుకాణం, ఇసుక, బెల్టు షాపు వేలం నుంచి కూలి రేట్ల దాకా ఇవి శాసిస్తాయి. జుర్మానాలు వేస్తాయి. ఎదురు తిరిగిన దళితులను సాంఘిక బహిష్కారం చేసిన సంగతులు పత్రికల్లో, పోలీసు కేసుల్లో పదే పదే వచ్చాయి. కిరాణా ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడితే జుర్మానా. దుబాయి పైసలతో స్లాబు వేసుకున్న ఇంటికి కూడా ఈ శిక్ష తప్పలేదు. కాపు తన దిర్హాలతో పక్క చేను కొనుక్కున్నాడు, బోరు వేశాడు, మిత్తికిచ్చాడు. మాదిగ తన దిర్హాలతో అప్పు తీర్చి ఇల్లు కట్టుకున్నాడు. చేను కొందామంటే అమ్మేవాడు ముందు తన కులంలో అడుగుతాడు. ఒకే సముద్రం దాటి తెచ్చిన పైసలు ఊరి పొలిమేరలో రెండుగా చీలుతున్నాయి.

ఇప్పుడు అడగాల్సింది

కేరళలో 1998 నుంచి కొన్నేళ్ళకోసారి వలస సర్వే జరుగుతోంది. ఎవరు పోయారు, ఎంత ఖర్చు పెట్టారు, ఎంత పంపారు, తిరిగొచ్చి ఏం చేస్తున్నారు అన్నది ఇళ్ళకు వెళ్ళి అడిగి రాస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఇంటింటి కులసర్వే మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు బయటపెట్టింది. ఎస్సీలు 17.43 శాతమని తేల్చింది. కులాల వాటా తెలిసింది, సంతోషం. దాని పక్కన వలస లెక్క, అప్పు లెక్క, మిత్తి రేటు లెక్క కూడా కులం వారీగా పెట్టాలి. అప్పుడే మేం ఉదాహరణగా కట్టిన 52 వేల తేడా నిజంగా ఎంతో తెలుస్తుంది.

మేం చెప్పేవి మూడు మాటలు. ఒకటి, భూమి పూచీకత్తు అడగకుండా ఎస్సీ కార్పొరేషన్ ద్వారా వలస ఖర్చుకు తక్కువ మిత్తి అప్పు ఇవ్వాలి. వలసను ప్రోత్సహించడం అవుతుందని కొందరు అభ్యంతరం చెప్తారు. పోవడం ఎట్లాగూ ఆగడం లేదు, మూడు రూపాయల మిత్తే ఆగాలి. రెండు, చట్టం చెప్పిన 30 వేలకు మించి తీసుకున్న పైకాన్ని రశీదు లేకపోయినా సాక్ష్యంతో వసూలు చేయించే అధికారం జిల్లా స్థాయిలో ఉండాలి. మూడు, తిరిగొచ్చిన దళితులకు సాగుభూమి కొనుక్కునే హక్కు కాగితం మీదే కాక ఊళ్ళో కూడా నడవాలి. దానికి అడ్డం పడే కమిటీల మీద అట్రాసిటీ చట్టం ప్రయోగించాలి.

సర్వే సర్కారు చేసేదాకా ఆగనక్కర లేదు. విద్యార్థులు, టీచర్లు తమ తమ వాడల్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఈ అంకెలు రాయడం మొదలుపెట్టొచ్చు. ఎవరి దగ్గర తెచ్చారు, ఎంత మిత్తికి, ఎన్నేళ్ళలో తీరింది, ఎవరి పుస్తెలు కుదువకు పోయాయి. మేస్త్రీకి కట్టిన అప్పును ఎవరూ రాసిపెట్టకపోవడం వల్లే రంగం పోయిన మన పూర్వీకుల చరిత్ర ఇవ్వాళ మనకు అందడం లేదు. దుబాయికి పోయినవాళ్ళు ఇంకా మన కళ్ళ ముందే ఉన్నారు, వాళ్ళ నోట్లు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి.